రెండు పుట్టిన తేదీలు

సాన్ విటాలే, 1998 అక్టోబర్ 12

అత్తా,

ముందు ఈ ఒక్క ముక్క చదువు, మిగతాది కూర్చుని నింపాదిగా చదువుకో. బ్లెడీ, నేను ఇద్దరం బతికే ఉన్నాం. ఇటలీ ఒడ్డు చేరాం.

పడవవాడు చివరిదాకా తీసుకురాలేదు. గుండెల లోతు నీళ్ళలో అందరినీ దింపేసి పడవ తిప్పుకుని పోయాడు. తమ్ముణ్ణి నెత్తిమీద కూర్చోబెట్టుకుని నడిచాను. "ఇంత పొడుగు ఆడపిల్లకి మొగుణ్ణి ఎక్కడ వెతకాలిరా దేవుడా" అని నువ్వు సణిగేదానివి కదా, ఆ పొడుగే ఆవేళ వాణ్ణి తడవకుండా గట్టెక్కించింది.

రేవులో పెద్ద షెడ్డు ఉంది. అందరినీ వరసలో నిలబెట్టారు. పడవలో నా పక్కన కూర్చున్న ఫియెర్ ఊరి ఆవిడ, పేరు మనూషా, నా చెవిలో చెప్పింది: "పిల్లలు ఒంటరిగా వస్తే వీళ్ళు విడదీస్తారే. పసివాణ్ణి ఒక ఊళ్ళో పెడతారు, నిన్నొక ఊళ్ళో పెడతారు. వాడు నీ కొడుకని చెప్పు. తల్లినీ బిడ్డనీ ఎవరూ విడదీయరు."

ఆలోచించుకునే వ్యవధి లేదు. బల్ల వెనకాల ఉన్న ఆఫీసరు నన్ను పైనుంచి కిందకి చూశాడు, నా చేతులకేసి చూశాడు. ఆలివ్ కొమ్మలు దులిపిన చేతులు ఎలా ఉంటాయో నీకు తెలుసుగా. "నీ బిడ్డేనా?" అన్నాడు. మన భాష వచ్చిన దుబాసీ ఒకడు పక్కనుండి ఒకరి మాట ఒకరికి తిప్పి చెబుతున్నాడు. అవునన్నాను. "నీకెన్నేళ్ళు?" పంతొమ్మిది అన్నాను. అంతే. పుట్టిన సంవత్సరం 1979 అని రాసేసుకున్నాడు. ఇంకో ప్రశ్న లేదు. నాకెంత తేలిగ్గా అనిపించిందో చెప్పలేను.

బ్లెడీకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రిలో ఉన్నాడు. నన్ను పక్కనే సన్యాసినుల వసతి గృహంలో ఉంచారు. సిస్టర్ అన్యేసె అని ఒకావిడ నాకు రోజుకి పది మాటలు నేర్పుతోంది. వాడు కోలుకున్నాక మా కాగితాలు చూస్తారట. ఎందుకైనా మంచిదని ఆ ఆఫీసు చిరునామా చివర రాస్తున్నాను.

ట్రిటన్ మళ్ళీ వచ్చాడా? మేము ఎటు పోయామని చెప్పావు? నీ అత్తగారికి నా దండాలు, గట్టిగా అరిచి చెప్పు.

నీ మేనకోడలు,
జమీరా

*

లిసన, 1998 అక్టోబర్ 27

ఒసేయ్ జమీరా, నా తల్లీ,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను, నవ్వాను, మళ్ళీ ఏడ్చాను. మా అత్తగారు మంచంలోంచి "ఎవరు పోయారే?" అని ఒకటే కేకలు. "ఎవరూ పోలేదమ్మా, అందరూ ఉన్నారు" అని నేను మూడుసార్లు అరిచేసరికి వీధంతా విన్నది.

కొడుకని చెప్పావా! పెళ్ళి కాని పిల్లవి! ఇక్కడ ఎవరి చెవినైనా పడితే ఇంకేమైనా ఉందా? కానీ పడుకుని ఆలోచిస్తే నువ్వు చేసిందే బాగుందనిపించింది. మీ అమ్మ ఆ బిడ్డను కని కన్నుమూసిన నాటినుంచి వాణ్ణి ఎత్తుకు తిప్పింది నువ్వే. అది పూర్తి అబద్ధం కూడా కాదు.

ట్రిటన్ వచ్చాడు. నల్లకారు సరిగ్గా మన గుమ్మం ముందు ఆపాడు. "మీ పిల్లని ఎక్కడ దాచావు పిన్నీ, ఉంగరం కూడా కొన్నాను" అన్నాడు, నవ్వుతూనే. గ్రీసులో వాళ్ళ మేనమామ దగ్గరికి పోయిందని చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు. మీ నాన్న బతికి ఉంటే ఆ కారు మన సందులోకి వచ్చేదా? ఎవడో గాల్లోకి కాల్చిన తూటాకి అన్న పోయాడు, ఈ ఇంటికి తలుపు లేకుండా పోయింది.

సరే, మంచి కబురు విను. కాగితాలు చూస్తారని రాశావు కదా, నేను ఊరుకుంటానా? నిరుడు గొడవల్లో మునిసిపాలిటీ ఆఫీసుతో పాటు పుట్టుకల రిజిస్టర్లన్నీ బూడిదయ్యాయి. అది ఇప్పుడు మనకే మేలయింది. ఇద్దరు సాక్షులు వచ్చి చెబితే గుమాస్తా కొత్త కాగితం రాసిస్తున్నాడు. నేనూ, పక్కింటి లూషా వెళ్ళాం. నువ్వు చెప్పిన లెక్క ప్రకారమే 1979లో పుట్టావనీ, బ్లెడీ నీ కొడుకనీ రాయించాను. గుమాస్తా కళ్ళెత్తి చూడనైనా లేదు, టపామని ముద్ర కొట్టాడు. లారీ నడిపే కుయ్‌తిమ్ ఓడ మీద అటు వస్తుంటే అతని చేతికిచ్చి, నువ్వు రాసిన ఆఫీసులోనే నేరుగా ఇచ్చి రమ్మన్నాను. నీ మాటా నా కాగితమూ ఒక్కటైపోయాయి. ఇంక నిన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు.

వాడికి వెల్లుల్లి వేసి పాలు కాచి తాగించు. ఆసుపత్రి వాళ్ళు వద్దంటారు. వాళ్ళు చూడకుండా తాగించు.

నీ అత్త,
సనీయే

*

సాన్ విటాలే, 1998 అక్టోబర్ 30

అత్తా,

నీ దగ్గరనుంచి ఇంకా ఏమీ రాలేదు. కానీ ఆగలేక రాస్తున్నాను. నేను పెద్ద తప్పు చేశాను.

నిన్న సిస్టర్ అన్యేసె నన్ను వంటింట్లో కూర్చోబెట్టి అడిగింది: "నువ్వు నిజంగా వాడి తల్లివా? బిడ్డను కన్న పిల్ల నడుము ఇలా ఉండదు." ఏడ్చేశాను. అంతా చెప్పేశాను. ఆవిడ నెత్తి కొట్టుకుంది. పద్దెనిమిది నిండనివాళ్ళని ఇక్కడినుంచి బలవంతంగా వెళ్ళగొట్టకూడదట. పద్దెనిమిది దాటినవాళ్ళని ఓడ ఎక్కించి పంపేస్తారు. పంతొమ్మిదని చెప్పి నా చేతులారా నేనే ఓడ టిక్కెట్టు రాయించుకున్నాను. బ్లెడీ ఒళ్ళు బాగోలేదు కాబట్టి ఇంకా ఉన్నాం. వాడికి దగ్గు తగ్గుతున్నకొద్దీ నాకు గుండె దడ ఎక్కువవుతోంది. తమ్ముడు కోలుకుంటుంటే భయపడే అక్క ఎక్కడైనా ఉంటుందా?

సిస్టర్ నన్ను పోలీసు ఆఫీసులో విదేశీయుల విభాగానికి తీసుకెళ్ళింది. అక్కడ మా సంగతి చూసే ఆవిడ పేరు లొపెర్ఫీదో. అందరూ 'దొత్తొరెస్సా' అంటారు, చదువుకున్న ఆఫీసరమ్మని ఇక్కడ అలా పిలుస్తారట. యాభై ఏళ్ళుంటాయి, కళ్ళజోడు గొలుసుకి వేలాడుతుంటుంది, బల్ల మీద ఎప్పుడూ సగం తాగిన కాఫీ ఉంటుంది. నా వయసు పదహారు అని చెబితే ఆవిడ నవ్వలేదు, తిట్టనూ లేదు. "గడ్డాలు పెరిగిన మగాళ్ళు రోజుకి పదిమంది వచ్చి పదిహేడు అంటారు. ముందు ఎక్కువ చెప్పి తరవాత తగ్గించినదానివి నువ్వొక్కదానివే" అంది. "నాకొక కాగితం చూపించు. కాగితం లేకపోతే నాకు తోచింది నేను రాయాలి. చట్టం ఆ పని నాకే వదిలేసింది."

అత్తా, ఎలాగైనా నా పుట్టుక కాగితం సంపాదించు. 1982 ఫిబ్రవరి 14 అని ఉండాలి, నిజం తేదీ. బ్లెడీ మా అమ్మా నాన్నల కొడుకని ఉండాలి. అబద్ధం ఒక్క అక్షరం కూడా వద్దు. తొందరగా పంపు.

జమీరా

*

లిసన, 1998 నవంబర్ 14

జమీరా, నా తల్లీ, నా పాపిష్టి చేతులు విరిగిపోను,

నీ రెండో ఉత్తరం పోస్టుమాన్ రాపో తెచ్చి ఇచ్చాడు. గుమ్మంలోనే చదివి అక్కడే కూలబడ్డాను. పాపం అతను నీళ్ళు తెచ్చి మొహాన చల్లాడు. నేను ముందు రాసిన ఉత్తరం ఈపాటికి నీకు అంది ఉంటుంది. ఏం చేశానో నీకు తెలిసే ఉంటుంది.

కుయ్‌తిమ్ కోసం పరిగెత్తాను, కాగితం ఇంకా లారీలోనే ఉంటే లాక్కుందామని. "ఇచ్చేశాను పిన్నీ, రసీదు కూడా తెచ్చాను, చూడు" అని గర్వంగా చూపించాడు. మంచి పని చేశానన్న మొహం పెట్టుకుని నిలబడ్డాడు. ఏమనను?

మర్నాడే లూషాని లాక్కుని మునిసిపాలిటీకి వెళ్ళాను. గుమాస్తా నన్ను గుర్తుపట్టాడు. "ఏమమ్మా, పోయిన నెల పంతొమ్మిదేళ్ళది, ఈ నెల పదహారేళ్ళది! వచ్చే నెల వస్తే ఉయ్యాలలో వేస్తావా?" అన్నాడు. వెనక వరసలో వాళ్ళంతా నవ్వారు. నాకు నేల చీలి లోపలికి పోవాలనిపించింది. కానీ కదలలేదు. "ఇదే నిజం బాబూ, అది అబద్ధం, నా మీద ఒట్టు" అన్నాను. "నాకు నిజమూ తెలియదు, అబద్ధమూ తెలియదు. ఇద్దరు సాక్షులుంటే రాస్తాను" అన్నాడు. రాశాడు. మళ్ళీ అదే ముద్ర.

ఈ ఉత్తరంతో పాటు ఆ కాగితం పెడుతున్నాను. 1982 ఫిబ్రవరి 14. ఆ రోజు నాకు బాగా గుర్తు. మంచు పడుతోంది, మంత్రసాని రావడం ఆలస్యమైంది, నిన్ను మొదట పట్టుకున్న చేతులు నావి. ఈ మాట ఆవిడకి చెప్పు. ముద్రలు నమ్మకపోతే నా చేతుల్ని నమ్మమను.

ఆలివ్ కోతలు మొదలయ్యాయి. నువ్వు లేక సగం చెట్లు అలాగే ఉన్నాయి. అవి ఎటు పోతే నాకేం.

సనీయే

*

సాన్ విటాలే, 1998 డిసెంబర్ 3

అత్తా,

నీ మీద కోపం లేదు. మొదటి ఉత్తరం వచ్చిన రోజు ఉంది. ఇప్పుడు లేదు. అబద్ధం నేనాడాను, నువ్వు దానికి చొక్కా కుట్టావు, అంతే.

దొత్తొరెస్సా రెండు కాగితాలనూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఒకే ఆఫీసు, ఒకే సంతకం, ఒకే ముద్ర. మధ్య మూడు వారాలు తేడా. "ఏది చించమంటావు?" అంది. మొదటిది అన్నాను. "అక్కడే వచ్చింది చిక్కు. మీ ఊళ్ళో వాళ్ళు దేనికైనా ముద్ర వేస్తారని ఈ రెండూ కలిసి చెబుతున్నాయి. ఒక్కటే పంపి ఉంటే, ఏదైనా సరే, నమ్మేదాన్ని" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

తరవాత నా ఎడమ మణికట్టుకి ఎక్స్‌రే తీశారు. ఎముకను బట్టి వయసు చెబుతారట. డాక్టరు ఏం రాశాడో తెలుసా? పదిహేడుకీ పంతొమ్మిదికీ మధ్య. అంటే నా ఎముకకి కూడా నిజం తెలియదు. నేను పుట్టింది ఎప్పుడో నాకు తెలుసు, నీకు తెలుసు, మంచానున్న నీ అత్తగారికి కూడా తెలుసు. నిర్ణయించేది మాత్రం తెలియని మనిషి.

బ్లెడీ ఆసుపత్రినుంచి వచ్చేశాడు. ఒళ్ళు చేశాడు. నన్ను 'మమ్మా' అని పిలుస్తున్నాడు, ఇక్కడి పిల్లల్ని చూసి నేర్చుకున్నాడు. అక్కా అనమని నేర్పుతున్నాను. అలా అనకపోతే ఆఫీసులో మళ్ళీ అనుమానపడతారు. వాడు 'అక్కా' అంటే మిఠాయి ఇస్తున్నాను. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. ఇది నాలుగుసార్లు చదువు. ఇక్కడినుంచి ఒకతను మన ఊరు వస్తాడు. పిల్లల్ని వెనక్కి పంపితే చూసుకునేవాళ్ళున్నారా, ఇల్లు ఎలా ఉంది, అపాయమేమైనా ఉందా అని విచారించి దొత్తొరెస్సాకి రాసి పంపుతాడు. నేను మైనరునే అని ఆవిడ ఒప్పుకున్నా, ఇంటి దగ్గర అంతా బాగుందని తేలితే మమ్మల్ని పంపించేయొచ్చు. అందుకని అతనికి ట్రిటన్ సంగతి చెప్పు. కారు సంగతి చెప్పు. వాడు ఉంగరం తొడిగి తీసుకుపోయిన హాతిజే పిన్ని కూతురు వల్బోనా ఏమైందో ఎవరికీ తెలియదని చెప్పు. సిగ్గుపడకు. ఏదీ దాచకు అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటాను.

జమీరా

*

లిసన, 1998 డిసెంబర్ 12

నా బంగారు తల్లీ,

ఈసారి మంచి కబురు. నిన్న మీ ఇటలీనుంచి ఒకతను వచ్చాడు! నాకు ముందు ఎవరూ చెప్పలేదు, అయినా ఇల్లు అద్దంలా ఉంది. పెద్ద వయసు కాదు, మర్యాదస్తుడు, బూట్లు గుమ్మం బయటే విప్పాడు. పట్నంనుంచి దుబాసీని వెంట తెచ్చుకున్నాడు.

అన్ని మైళ్ళనుంచి వచ్చిన మనిషిని ఊరికే పంపుతానా? గుడ్లు పెట్టే ఎర్రకోడిని కోశాను. అక్రోటు మిఠాయి చేశాను. కాఫీ, రాకీ సారా, అన్నీ పెట్టాను. అతను రెండుసార్లు వడ్డించుకున్నాడు. "పిల్లలు తిరిగి వస్తే చూసుకుంటారా?" అన్నాడు. ఇదేం ప్రశ్న! "నా అన్న బిడ్డలు బాబూ. నా నోటి ముద్ద తీసి వాళ్ళ నోట్లో పెడతాను. ఈ ఇంట్లో వాళ్ళకేం తక్కువ?" అన్నాను. మీ పక్కలు చూపించాను, ఉతికిన దుప్పట్లు పరిచి ఉన్నాయి. మా అత్తగారు కూడా లేచి కూర్చుని "నా మనవలు" అని కళ్ళు తుడుచుకుంది. అతను అన్నీ రాసుకున్నాడు.

"ఇక్కడేమైనా భయం ఉందా?" అనీ అడిగాడు. ఆ ప్రశ్నను మన భాషలో చెప్పిన దుబాసీ ఎవరనుకున్నావు? ట్రిటన్ పిన్ని కొడుకు! నా కళ్ళలోకి చూస్తూ అడిగాడు. "భయమా? ఇక్కడ అందరూ మనవాళ్ళే" అన్నాను. ఇంకేమంటాను? పరాయి మనిషి ముందు మన ఊరి పరువు తీయడం కూడా బాగుండదు. మన ఇల్లు చూసి, మనది పరువుగల కుటుంబమని వాళ్ళకి తెలిస్తే నిన్ను గౌరవంగా చూస్తారని నా ఆశ. బాగానే మాట్లాడాననుకుంటున్నాను.

సాయంత్రం.
కవరు అంటించబోతుంటే రాపో నీ మూడో తేదీ ఉత్తరం తెచ్చాడు. చదివాను. నాలుగుసార్లు చదవమన్నావు, ఒక్కసారికే సరిపోయింది. జమీరా, అతను పొద్దున్నే పట్నం వెళ్ళిపోయాడు. బస్టాండుదాకా పరిగెత్తాను. ఓడ కూడా వెళ్ళిపోయిందన్నారు.

ఏం చేయాలో చెప్పు. ఏదైనా చేస్తాను.

సనీయే

*

సాన్ విటాలే, 1998 డిసెంబర్ 29

అత్తా,

జనవరి 28న ఓడ. నిర్ణయం అయిపోయింది.

దొత్తొరెస్సా అతని నివేదిక నాకు చదివి వినిపించింది. శుభ్రమైన ఇల్లు. ప్రేమగల మేనత్త. పిల్లలకు సిద్ధంగా ఉన్న పక్కలు. స్థానికంగా ఎటువంటి ప్రమాదమూ లేదని కుటుంబమే చెప్పింది. "నీకు పదహారైతే కుటుంబం దగ్గరికి పంపుతున్నాను. పంతొమ్మిదైతే దేశంనుంచి పంపుతున్నాను. ఏదైనా ఓడ ఒకటే. కాబట్టి నీ వయసు తేల్చే పని నాకు తప్పింది" అంది.

నేను ట్రిటన్ గురించి చెప్పాను. సిస్టర్ అన్యేసె కూడా గొంతెత్తి మాట్లాడింది. దొత్తొరెస్సా నివేదిక రెండు వైపులా తిప్పి చూసింది. "ఇందులో ఆ పేరు లేదు. ఇంటివాళ్ళు చెప్పని భయాన్ని నువ్వు ఇప్పుడు చెబుతున్నావు. మొదట వాడి తల్లినన్నావు, తరవాత కాదన్నావు. ఈసారి దేన్ని నమ్మాలి?" అంది.

నువ్వు వండిన కోడికూర మమ్మల్ని ఓడ ఎక్కిస్తోంది అత్తా. ఈ మాట రాయకూడదనుకున్నాను. రాసి కొట్టేశాను, మళ్ళీ రాశాను. నువ్వు ఎవరికీ లేదనలేవు, ఆ గుణంతోనే మమ్మల్ని పెంచావు. కానీ ఒక్కరోజు, ఒక్క పూట, ఆ మనిషికి ఖాళీ కంచం పెట్టి ఉంటే!

నేను ఒక్కదాన్నే పారిపోదామనుకున్నాను. బారి పట్నం వెళ్ళే రైలు వేళలు కూడా కనుక్కున్నాను. కానీ బ్లెడీని ఎత్తుకుంటే పట్టుకుంటారు, ఎత్తుకోకపోతే నేను బతకలేను. మొన్న వాడు సరిగ్గా 'అక్కా' అన్నాడు, మిఠాయి లేకుండానే. ఎత్తుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాను.

అక్కడి సంగతి ఇక్కడివాళ్ళు చెబితే దొత్తొరెస్సాకి చెవికెక్కదు. అక్కడినుంచి ఎవరైనా, పేరు పెట్టి, సంతకం పెట్టి చెప్పాలట. సిస్టర్ అంది. అలాంటివాళ్ళు ఎవరుంటారు? ఎవరూ ఉండరు. ఊరికే నీకు తెలియాలని రాశాను.

జమీరా

*

తిరానా, 1999 జనవరి 9

జమీరా,

ఉత్తరం తిరానానుంచి వచ్చిందని కంగారుపడకు. వల్బోనా వాళ్ళమ్మ హాతిజే, నేనూ ఇద్దరం ఇక్కడ ఉన్నాం.

నీ ఉత్తరం అందిన రోజే హాతిజే ఇంటికి వెళ్ళాను. ఆవిడ ఏడాదిన్నరగా ఊరందరికీ ఏం చెబుతోందో నీకు తెలుసు: పిల్ల మిలానోలో ఉంది, మొగుడు బాగా చూసుకుంటున్నాడు, తెల్లటి వంటిల్లు ఉంది అని. నేను కాఫీ తాగలేదు, కప్పు పక్కన పెట్టేశాను.

"హాతిజే, నా పిల్లని ట్రిటన్ చేతుల్లోకే పంపుతున్నారు. నీ పిల్ల సంగతి నిజం చెప్పు" అన్నాను.

"నా పిల్ల సుఖంగా ఉంది" అంది.

"ఫోటో చూపించు."

లేచి వెళ్ళి పొయ్యి దగ్గర నిలబడింది. "ఒక్కసారి ఫోన్ చేసింది, కాఫీ హోటలుకి. ముందటేడు ఆగస్టులో" అంది. "'అమ్మా, నన్ను రోడ్డు మీద నిలబెడుతున్నాడే' అంది నా పిల్ల. ఇంకేదో అనబోయింది, ఎవరో ఫోను లాక్కున్నారు. అంతే సనీయే. తరవాత నేనే తెల్ల వంటిల్లు కట్టించాను, ఈ నోటితో."

ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. అప్పుడు నేను అడిగాను, సంతకం పెడతావా అని. "పెడితే నా పరువు పోతుంది" అంది. మళ్ళీ "పరువు ఎక్కడుందని పోవడానికి" అని తనే అంది. తలగుడ్డ కట్టుకుని, చెప్పులేసుకుని, నాకంటే ముందు గుమ్మం దాటింది.

మన పట్నంలో ఎవరి దగ్గరికి వెళ్ళినా గంటలో ట్రిటన్‌కి తెలుస్తుంది. అందుకే బస్సెక్కి ఇక్కడికి వచ్చాం. ఆడపిల్లల కేసులు చూసే న్యాయవాదులు ఇద్దరున్నారు. హాతిజే కూర్చుని మొత్తం చెప్పింది, కారు రంగు, వాడి పేరు, వాడి తమ్ముడి పేరు, ఫోను వచ్చిన తేదీ. నేను కూడా చెప్పాను. ఆ ఇటలీ మనిషి ముందు ఎందుకు నోరు మూసుకున్నానో, ఆ దుబాసీ ఎవరో, అన్నీ. రెండు సంతకాలూ స్పష్టంగా పడ్డాయి. న్యాయవాది అంతా ఇటాలియన్‌లోకి రాయించి, తనే మీ దొత్తొరెస్సాకి పంపింది. ఫాక్స్ అనే యంత్రం మీద అప్పటికప్పుడే వెళ్ళింది, కాగితాలు కూడా వేరే వస్తాయి.

ఇంక మేము లిసన వెళ్ళలేం. హాతిజే తన అన్న దగ్గర ఉంటుంది. నేను బెరాట్‌లో మా చెల్లెలి ఇంటికి వెళుతున్నాను. అత్తగారిని కుయ్‌తిమ్ లారీలో పరుపుతో సహా తెస్తానన్నాడు. కొత్త చిరునామా వెనక రాశాను. ఇల్లు తాళం వేసి వచ్చాను. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

నువ్వు రాసిన ఖాళీ కంచం మాట సరైనదే. కొట్టేసి కూడా మళ్ళీ రాసి మంచి పని చేశావు.

నీ అత్త,
సనీయే

*

సాన్ విటాలే, 1999 మార్చి 7

అత్తా,

ఇన్నాళ్ళు రాయలేదని తిట్టుకుంటున్నావేమో. ఓడ ఎక్కలేదన్న కబురు న్యాయవాది ద్వారా నీకు చేరిందని సిస్టర్ చెప్పింది. మిగతాది రాయడానికి చెయ్యి రాలేదు.

జనవరి 25న పిలిచారు. దొత్తొరెస్సా బల్ల మీద మీ ఇద్దరి వాంగ్మూలం ఉంది. కింద హాతిజే పిన్ని సంతకం ఉంది, అక్షరాలు వంకరగా, పెద్దగా. దొత్తొరెస్సా నన్ను కూర్చోమని కూడా అనలేదు, నా ముందే ఫైలు తెరిచి 1979 కొట్టేసి 1982 అని రాసింది. నా వయసు గురించి కొత్తగా ఏ రుజువూ రాలేదు కదా అత్తా. అవే రెండు కాగితాలు, అదే ఎముక. సిస్టర్ ఉండబట్టలేక అడిగేసింది, "ఇదే మొదటిరోజు రాయడానికి మీకు వీలుండేదా?" అని. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఉండేది" అంది. అంతే. ఓడ రద్దయింది.

ఆ సంతోషం గుమ్మం దాకా కూడా రాలేదు. పక్క గదిలో వేరే ఆఫీసరు ఉంటాడు. అదే వారం మా వసతి గృహంలోని ఎల్వానాని అతను ఓడ ఎక్కించాడు. ఆమె ఎక్స్‌రే కూడా పదిహేడు నుంచి పంతొమ్మిదే. ఆమె వరస ఎడమ తలుపు ముందు పడింది, నాది కుడి తలుపు ముందు పడింది. ఆమె దువ్వెన నా బీరువాలోనే ఉండిపోయింది.

ఇక బ్లెడీ సంగతి. నేను మైనరునని తేలింది కాబట్టి వాడికి సంరక్షకురాలిగా ఉండటానికి పనికిరానట. తల్లిని కాదు, పెద్దదాన్నీ కాదు. మూడేళ్ళలోపు పిల్లవాడు వసతి గృహంలో ఉండకూడదట. న్యాయమూర్తి వాణ్ణి లెచ్చె పట్నంలో ఒక కుటుంబంలో పెట్టాడు. ఫిబ్రవరి 2న తీసుకువెళ్ళారు. కారులో కూర్చున్నాక వాడికి అర్థమైంది. అద్దం మీద రెండు చేతులూ పెట్టి అరిచాడు. వాడు అరిచింది 'అక్కా' అని కాదు అత్తా, 'మమ్మా' అని. ఇంతకంటే రాయలేను.

నాకు నెలకి ఒక ఆదివారం చూడనిస్తారు. వచ్చే ఫిబ్రవరికి పద్దెనిమిది నిండుతాయి. అప్పుడు ఉద్యోగం, ఇల్లు చూపిస్తే వాణ్ణి నాకివ్వమని అడగొచ్చట. ఇస్తారా అంటే ఎవరూ అవుననరు, కాదనరు. సిస్టర్ నన్ను బట్టల కుట్టుపనిలో చేర్పించింది.

వల్బోనా పేరు ఇక్కడి పోలీసులు రాసుకున్నారు. కబురేమీ లేదు. హాతిజే పిన్నికి ఆశ ఉందనీ చెప్పకు, లేదనీ చెప్పకు. ఆవిడ సంతకం వల్ల నేను ఇక్కడ కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నానని మాత్రం చెప్పు.

ఈవేళ మొదటి ఆదివారం. వెళ్ళి వచ్చాను. ఆ ఇంటావిడ పేరు అద్దొలొరాతా. పిల్లలు లేరు. మంచిది. మంచిది కాకపోతే నాకు తేలికగా ఉండేదేమో. వాడికి కొత్త బూట్లు, జుట్టు పక్కపాపిడి తీసి దువ్వింది. నన్ను చూసి ఆవిడ వెనక్కి వెళ్ళాడు. కొంతసేపటికి వచ్చి నా మోకాలికి ఆనుకుని నిలబడ్డాడు. మన భాషలో అడిగితే ఇటాలియన్‌లో జవాబిస్తున్నాడు. ఐదు వారాలే అయింది.

పార్కులో గంటసేపు ఉన్నాం. వెళ్ళే వేళ అయిందని నేను లేస్తే వాడు నా వేలు పట్టుకుని ఆ ఇంటివైపు లాగాడు. ఏదో గబగబా అన్నాడు. నాకు అర్థంకాలేదనుకుని అద్దొలొరాతా నెమ్మదిగా మళ్ళీ చెప్పింది. అర్థమయ్యే ఉంది అత్తా.

"మా ఇంటికి రా" అంటున్నాడు.

వచ్చే నెల వస్తానని చెప్పాను.

జమీరా